వానకొలత

ఒరే బుల్లోడా,

అక్క దీవెనలు. నువ్వూ మరదలూ పిల్లలూ బాగున్నారా? అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వేపనూనె రాయమను, మానొద్దను. ఇక్కడ మేమిద్దరం లేస్తున్నాం, వండుకుంటున్నాం, పొలానికి వెళుతున్నాం. క్షేమం అన్న మాట రాయడానికి నాకు ఇంకా చెయ్యి రావడం లేదు. తిరుగుతున్నాం అనుకో, చాలు.

నీ ఉత్తరం మొన్నటి ఓడకి అందింది. మీ బావకి చదివి వినిపించాను. "తుపాకీ సముద్రంలో పారేసి, పొలం ఎవరికైనా ఇచ్చేసి, ఓడెక్కి వచ్చెయ్యండి" అని రాశావు. ప్రేమకొద్దీ రాశావు, తెలుసు. కానీ నేను రాను. చివరిదాకా చదివించి చెప్పడం నాకు చేతకాదు, అందుకే ముందే రాస్తున్నాను. రాను.

నా కొడుకు రాజు తాగి తుపాకీతో ఆడుకున్నాడని, ఆ తుపాకీకి ఏదో పట్టిందని మన వీధిలో చెప్పుకుంటున్నారట. ఎవరన్నారో నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. వాళ్ళని కూర్చోబెట్టి ఇక్కడినుంచి గట్టిగా చదువు.

ఈ దీవిలో మా పొలం పక్కనే అడవి. వరి పాలు పోసుకునే వేళకి దుప్పులు మందలుగా దిగుతాయి. ఒక్క సాయంత్రం చాలు, ఏడాది చాకిరీ వాటి కడుపులోకి పోతుంది. అందుకే పంట కాచుకోవడానికి తుపాకీకి లైసెన్సు ఇస్తారు. కాల్చిన ఇత్తడి తూటాని ఇక్కడ ఎవరూ పారెయ్యరు. కొత్తవి ఓడలో రావాలి, అవీ ఎప్పుడో. ఖాళీవి దాచుకుని ఇంట్లోనే మళ్ళీ మందు, సీసం గుళ్ళు నింపి, పైన మైనంతో మూస్తారు.

ఇక్కడి వాన మన వానలాంటిది కాదు బుల్లోడా. మొదలైతే నెలల తరబడి కురుస్తూనే ఉంటుంది. అగ్గిపుల్ల గీస్తే తల రాలిపోతుంది, అటకమీద పెట్టిన బట్టలకి బూజు పడుతుంది. తుపాకీ మందుకీ చెమ్మ పడుతుంది. అప్పుడది సరిగ్గా పేలదు, దుప్పి నిలబడి మన మొహం చూస్తుంది. అందుకని వానల్లో మందు ఎక్కువ పోస్తారు. దానికి వేరే గరిటె ఉంటుంది. వానకొలత అంటారు. బెంగాలీ వాళ్ళూ, కేరళ వాళ్ళూ, మనవాళ్ళూ అందరిదీ అదే పద్ధతి. మీ బావ వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు, రాజుకి నేర్పాడు.

ఆ రోజు రాజు కొత్త డబ్బా సీలు తీశాడు. లోపల మందు ఎండాకాలపు ఇసకలా పొడిపొడిగా ఉంది. బయటేమో వాన. వాడి చెయ్యి అలవాటుగా వానగరిటె మీదకే వెళ్ళింది. పొడి మందుకి వానకొలత. అంతే జరిగింది. తాగుడూ లేదు, దెయ్యమూ లేదు. గొట్టం వెనకవైపు చీలి వాడి మొహం మీదకి వచ్చింది. పోర్టుబ్లేరు ఆస్పత్రి ఇంకా దూరం ఉందనగానే నా ఒళ్ళో చల్లబడ్డాడు. ఇది రాయడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు రాసేశాను.

మీ బావ తిట్టలేదు, ఏడవలేదు. మాట మానేశాడు. పోయిన ఏడాది పంటంతా దుప్పులే తినేశాయి, ఈయన అరుగుమీద కూర్చుని చూశాడు. ఈసారి నాట్లప్పుడు ఒక్కమాట అన్నాడు. "ఈ పంట కూడా పోతే ఓడెక్కీద్దారే. నాకు మాటియ్యి." ఇచ్చాను. ఇవ్వకపోతే అప్పుడే మూట కట్టేలా ఉన్నాడు. కానీ మాట ఇస్తూనే అనుకున్నాను, ఈ పంట పోనివ్వను అని. ఆ పొలంలో మొద్దులన్నీ రాజు పీకినవి. ఇంకొకడు వచ్చి నాది అనుకుంటే నేను బతకలేను.

చీలిన తుపాకీ ఠాణాలో ఉండిపోయింది. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర ఇంకో ఒంటిగొట్టం తుపాకీ తీసుకుని, కాల్చేదాన్ని నేనని లైసెన్సు ఆఫీసులో చెప్పాను. అక్కడి గుమాస్తా బాబు మీ బావ వైపు చూసి, "బందూక్ ఔరత్ చలాయేగీ?" అన్నాడు, ఆడది తుపాకీ కాలుస్తుందా అని నవ్వాడు. నేనే అడిగాను, "సాబ్, ఔరత్ కా ఖేత్ అని హిరన్ వదిలేస్తుందా?" అని. సగం హిందీ, సగం మనది. దుప్పి ఆడదాని పొలమని వదిలేస్తుందా అన్నది మాత్రం అందరికీ అర్థమైంది. ఆఫీసంతా నవ్వింది. నవ్వనీ. సంతకం పడింది.

తూటాలు నేనే నింపుతాను. పొయ్యి చల్లారాక, పగటిపూట, తలుపులు తీసి. కొలత ఒక్కటే. వానైనా ఎండైనా డబ్బాతో వచ్చిన కొలతే. మందుని ఊరగాయ జాడీలో పోసి, మూతికి మైనం గుడ్డ కట్టాను. చెమ్మ పట్టిందని అనుమానం వస్తే పారబోస్తాను, ఇంకొంచెం మాత్రం పొయ్యను. నేను నింపుతుంటే మీ బావ అటు తిరిగి కూర్చుంటాడు.

మొదట్లో నా తూటా రెండుసార్లు తుస్సుమంది. పక్క పొలం హరిపద్ గట్టుమీదనుంచి చూసి, "దీదీ, హిరన్ కో గుదగుదీ కర్తీ హో క్యా?" అన్నాడు. దుప్పికి చక్కిలిగిలి పెడుతున్నానట. పెళ్ళాం మందలించినా ఆగలేదు. "బారిష్ మే థోడా జ్యాదా డాలో. సబ్ డాల్తే హై." వానలో కొంచెం ఎక్కువ పొయ్యాలట, అందరూ పోస్తారట.

"అందరూ పోసేరు గదా భయ్యా. మా రాజు కూడా పోసేడు" అన్నాను.

తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ వేళ మంచంమీద పడి ఏడ్చిన మాట నిజం. కానీ కొలత మార్చలేదు.

పోయిన వారం, పొద్దు వాలుతుండగా, సన్నగా తుంపర పడుతోంది. మంద దిగింది. ముందు పెద్ద కొమ్ముల మగది, వెనక మిగతావి. వరి చివర్లు ఊగుతున్నాయి. నేను తుపాకీ తీసుకుని గట్టెక్కాను. వెనకనుంచి మీ బావ అరుపు: "ఒద్దే! వానే! ఒద్దే!" ఏడాదిగా ఆ గొంతు అంత పెద్దగా వినలేదు.

కాల్చాను.

పేలింది. ఎంత పేలాలో అంతే పేలింది. మగది గట్టుకి అవతల పడింది, మంద చెల్లాచెదురై అడవిలోకి పోయింది. మీ బావ బురదలో పడుతూ లేస్తూ వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే తడిమాడు. మొహం తడిమాడు.

"ఇదీ నువ్వే నింపేవేటి?"

"నేనే."

"ఎంత?"

"డబ్బా కొలతే."

ఆ గట్టుమీదే కూలబడి ఏడ్చాడురా. రాజు పోయాక మొదటిసారి. నేను పక్కన నిలబడ్డాను, ఏడవనిచ్చాను.

ఆ రోజునుంచి దుప్పులు మళ్ళీ రాలేదని రాయను, వచ్చాయి. కానీ వరి నిలబడి ఉంది. మీ బావ కంచె కడుతున్నాడు, అన్నం రెండోసారి అడుగుతున్నాడు.

హరిపద్ తన ఖాళీ తూటాలు గుడ్డలో మూటగట్టి తెచ్చాడు. "దీదీ, నువ్వే నింపు" అన్నాడు. నింపుతాను, ముందు నీ వానగరిటె తెచ్చి నా ముందు విరిచెయ్యి అన్నాను. అది వాళ్ళ నాన్న చేసిందట. మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. పెద్దదాన్నని మర్యాద అయినా లేదు. లేకపోతే మానె.

నిన్న మధ్యాహ్నం అతని పెళ్ళాం వచ్చింది. కొంగులోంచి ఆ గరిటె తీసి నా చేతిలో పెట్టింది. ఆమెకి ఇద్దరు కొడుకులు. గడపమీద పెట్టి రాయితో కొట్టి చదును చేశాను. మొగుడు తిడితే నా ఇంటికి వచ్చెయ్యమన్నాను. ఇక మిగతా ఇళ్ళున్నాయి. ఒక్కొక్క గుమ్మం ఎక్కుతాను. ఏమంటారో అననీ, కొడుకుని పోగొట్టుకున్నదాన్ని ఇంకేం చేస్తారు?

పోర్టుబ్లేరులో డైరీ ఫార్మ్ వైపు కూరలు అమ్మడానికి వెళ్ళినప్పుడు మనవైపు వాళ్ళు కనబడి, వాళ్ళుండే షాదీపూర్ పేటకి రమ్మంటున్నారు. ఇన్నాళ్ళూ వెళ్ళలేదు, చెవులారా మన మాట వింటే ఆగలేనని. ఈసారి వెళతాను. ఎవరైనా ఓడకి వస్తుంటే చింతపండు పంపు, ఇక్కడిది పులుపు లేదు. రాజు చిన్నప్పటి ఫోటో నీ దగ్గర ఉంటే అదీ పంపు.

మేము ఓడెక్కం. నువ్వే కోతలకి రా. ఈ గింజలు నీ చేత్తో పట్టి చూద్దువు గాని. అమ్మ కాళ్ళకి నా దండాలు చెప్పు, నన్ను తిట్టుకోకుండా దీవించమను. మీ బావ నిన్ను అడిగానని రాయమన్నాడు, తనంతట తానే అన్నాడు.

నీ అక్క,
నూకమ్మ

నువ్వు చిక్కిపోయావని మరదలు రాసింది. చద్దన్నమైనా సరే, కడుపునిండా తిని చేపల వేటకి వెళ్ళు.