ఎర్త్ ఉందన్నవాడు

అన్నా,

గిద్దలూరు కల్యాణమండపంలో మైకు పట్టుకోగానే షాకు కొట్టి నువ్వు పోయి ఏడాదయింది. ఎర్త్ ఉందని, తప్పంతా నీ వైర్లదేనని ఆ మండపం ఓనరు పోలీసులకు చెప్పాడు.

ఈరోజు అక్కడే అతని కూతురి పెళ్లి. మన సౌండ్ సిస్టం తీసుకొని నేనే వెళ్లాను.

"ఎర్త్ ఉందా పెదనాయనా?" అని ఓనరును అడిగాను.

"ఉందమ్మా. అప్పుడు గూడా ఉన్నింది."

"అయితే ఈ మైకు పట్టుకొని నాలుగు మాటలు మాట్లాడు."

వియ్యాలవారి ముందే అతని చెయ్యి వెనక్కి పోయింది.

"నాకెందుకులేమ్మా."

"ఎర్త్ ఉంటే భయమేంది?" అని అందరికీ వినపడేలా అడిగాను.

అతను తల దించుకున్నాడు. పెట్టెలన్నీ ఆటోకెక్కించి మార్కాపురం వచ్చేశాను.

నేను ప్లగ్గే పెట్టలేదని అతనికి ఇప్పటికీ తెలియదు.

నీ చెల్లెలు