పిట్టగోడ లేని ఇళ్ళు

నారాయణఖేడ్,
మంగళవారం.

సంధ్యారాణి మేడమ్‌కు నమస్కారం.

మా దవాఖాన పంపే గాయాల రిజిస్టరు చూసి, కంగ్టి వైపు మగవాళ్ళు సొంత ఇంటి పైనుంచి పడడం ఎక్కువగా ఉందని, ఇళ్ళకు పిట్టగోడలు కట్టిస్తే మేలని మీ పరిశోధనలో రాశారు. కారణాలు మరోసారి సరిచూసి పంపమన్నారు. నేను సరిచూడలేను మేడమ్.

వాళ్ళు పడేది హైదరాబాదులో, కట్టే బిల్డింగుల మీద నుంచి. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ బండిలో మా దవాఖానకు వేసుకొచ్చి మంచం పక్కనే నిలబడతాడు. ఆయన చెప్పిన కారణమే నేను ఎక్కిస్తాను. కేసు అయితే పడ్డవాడి ఊరందరికీ ఆయన పని బంద్ పెడతాడు.

నిన్న మా తమ్ముడు బసవను తెచ్చారు. నడుము కింద స్పర్శ లేదు. మేస్త్రీ చాయ్‌కి పోగానే, "ఈసారి నిజం రాస్త" అన్నాను.

"వద్దక్కా. బావ ఇంకా ఆ మేస్త్రీ కిందనే పని చేస్తుండు గదా. ఇంటి మీదికెల్లి పడ్డనని రాయి" అన్నాడు.

అట్లాగే రాశాను.

ఈ ఉత్తరం ఎవరికీ చూపకండి. పిట్టగోడల మాట మాత్రం కొట్టేయండి. మా తమ్ముడిది రేకుల ఇల్లు మేడమ్. చెయ్యెత్తితే కప్పు తగులుతుంది.

ఇట్లు,
రిజిస్టరు రాసే నర్సు