తాడు అవుతల తెల్ల పరుపు

అక్కా,

మంచిగున్నవా? నువ్వు పోయి రేపటికి ఏడాదైతది. ఈడ మన గోడాదర బస్తీల అందరం బాగనే ఉన్నం. నాకే నిద్ర పడ్తలేదు... ఆడ నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందో లేదో, ఏళకు తింటున్నవో లేదో, గిదే రంది.

ఏడాదికి నీకు చీరె పెట్టాలె గద. నీ మనుమరాలు కావ్యను తీస్కొని ఆ పెద్ద దుకాణంకే పోయిన. అవునక్కా, మనిద్దరు తోటికోడండ్లం ఇంట్ల కూసొని స్టోన్లు అతికించిన చీరెలు పోయేటి దుకాణమే.

యాదికున్నదా? అప్పుడది ఒక్క షట్టరు. నేల మీద తెల్ల పరుపు, గోడకు దిండ్లు. కొనెటోళ్ళు చెప్పులు బయట ఇడిసి పరుపు మీద కూసునేది. సేటు చీరె ఇసిరితే నీళ్ళు పారినట్టు పరుసుకునేది. మనం ఎనుక తలుపు కాడ మూట ఇచ్చి, పరద సందులకెళ్ళి చూసేది.

"ఒక్కపారి ముందటికెళ్ళి పోదాం పా చెల్లె. పరుపు మీద కూసొని చీరెలన్ని ఇప్పిద్దాం, నచ్చలేదని లేసొద్దాం. సేటు మనల్ని కొరుకుతడా?" అనేదానివి.

గుర్తు వడ్తడు, పని బందు వెడ్తడు అని నాకు భయం. వచ్చే దివాళికి పోదామంటి... ఎన్ని దివాళీలు పోయినయి? దుకాణం మీద అంతస్తులు లేసినయి. అద్దాల ఎనుక బొమ్మలు వచ్చినయి. రోడ్డు అవుతలనే నిలవడి చూస్తిమి. "ఆ బొమ్మకున్న ధైర్యం గూడ లేదు గదనే నీకు" అంటివి.

మొన్న మెట్ల కాడనే చెప్పులు ఇడిసిన. ఇడువాలె గద? కావ్య సిగ్గుతోని ముఖం తిప్పుకున్నది. అందరు బూట్లతోనే నడుస్తున్నరు. సల్లటి బండకు నా పాదాలు జిల్లుమన్నయి. నడిచే మెట్లు కావ్య చెయ్యి గట్టిగ వట్టుకొని ఎక్కిన.

పైన ఏం చూసిన్నో ఎరుకేనా? మన తెల్ల పరుపు! అవే దిండ్లు, గోడకు సేటు పటం. సుట్టు ఎర్ర తాడు కట్టిన్రు. దుకాణం గిట్ల మొదలైందని చూపిచ్చేతందుకట. గంత పిరికిదాన్ని, తాడు లేపి కూసోబోయిన అక్కా... కూసోవద్దట. చూసుడేనట.

ఎందుకు ఏడుస్తున్నవని కావ్య అడిగింది. కండ్లు తుడుసుకొని బల్ల దిక్కు నడిచిన.

బల్ల కాడ నిలవడే చీరె కొన్న. ఆకుపచ్చది, స్టోన్లది. గోరుతోని గీకి చూసిన, ఒక్కటి ఊడలే. మనసొంటోళ్ళెవరో మంచిగ అతికించిన్రు.

రేపు ఇంట్ల తెల్ల దుప్పటి పరుస్త. గోడకు దిండు ఆనిస్త. చీరె మడత మీద పెట్టను, మొత్తం ఇప్పి పరుస్త. చెప్పులు గడప అవుతల ఇడిసి వచ్చి కూసో. నచ్చకుంటే లేసిపో... నేనేం అనుకోను.

నీ చెల్లె,
రాజవ్వ