ఎర్ర కారు కాలిన సంగతి

షార్జా

పద్మక్కకు, నీ తమ్ముడు శీను దండం బెట్టి రాసేది. నేను మంచిగున్న. బావ కూడ మంచిగనే ఉన్నడు. ఈ మాట ముందుగాల్ల ఎందుకు రాస్తున్ననంటె, కిందిది సదివేటప్పుడు నీకు పానం దడదడ అంటది. అప్పుడు మల్ల పైకొచ్చి ఈ ఒక్క మాట సదువుకో.

అమ్మ, నాయిన ఎట్లున్నరు? నాయినకు దగ్గు తగ్గిందా? మేనకోడలు సుజాత బడికి పోతుందా, ఇంక ఏడుస్తనే ఉందా? గద్వాలల వానలు పడ్డయా, నీ మగ్గం పని నడుస్తుందా? ఈడ వాన మాటే లేదు. పొద్దుగాల్లనే షెడ్డు రేకులు కాలుతయి. ఇనుప సామాను బయట పెడితె గుడ్డ పట్టుకోకుంట ముట్టలేం. అన్నం మేమే వండుకుంటం. తిండికి కొదవ లేదు, నువ్వు రంది పెట్టుకోకు. జొన్నరొట్టె మీదనే పానం కొట్టుకుంటది.

నీ ఉత్తరం ముట్టింది. అయిజ మల్లేశు సెలవు మీద ఊరికొచ్చి, "ఆంజనేయులు సరిగ చూడకుంట కారు అప్పజెప్పిండట, అది కాలిపోయిందట, పోలీసులు పట్టుకున్నరట" అని బజార్ల చెప్పిండని రాసినవు. "నిజంగ మీ బావ తప్పేనా తమ్మీ, నాకు దాయకు" అని అడిగినవు. దాయను అక్కా. కారు కాలింది నిజం. పోలీసులొచ్చింది నిజం. బావ చూడకుంట ఇచ్చిండన్నది మాత్రం నిజం కాదు. మల్లేశు వేరే గ్యారేజిల చేస్తడు, చెవిన పడ్డది చెప్పిండు. వాని మీద కోపం పెట్టుకోకు. గ్యారేజిల జరిగింది నేను కండ్లార చూసిన, తొవ్వల జరిగింది బావ నోట విన్న, నేనే చెప్త.

మా గ్యారేజికి సలీం అని ఒకాయన వస్తుండె. ఈ దేశపాయననే, ఇంక పెండ్లి కాలే. ఇద్దరే కూసునే ఎర్ర కారు ఒకటి సెకండ్‌హ్యాండుల కొన్నడు. నేలకానినట్టు పోతది, మస్తు జోరు. దానికి ఇంజను ముందట ఉండదు, సీట్ల ఎనక ఉంటది. ముందుగాల్ల అది ఎవరో తెల్లదొరదట. ఆయన దాన్ని ఎండల గుడ్డ కప్పి వదిలేసి, ఎప్పటికో తన దేశం పోయేటప్పుడు అమ్మిండు. సలీం కొన్న కాన్నుంచి అది రోడ్డు మీద తిరిగింది తక్కువ, మా షెడ్డుల ఉన్నది ఎక్కువ. ఒకసారి ఇంజను వేడెక్కుతుందని, ఒకసారి పెట్రోలు వాసనొస్తుందని తెచ్చేటోడు.

దాని మీద బావకు, మా ఫోర్మన్‌కు రోజు పంచాయితే. ఫోర్మన్ అనేటోడు, "బండి మంచిదే. ఆ దొర చూసుకోలే, గందుకే గిట్లయింది. కొత్తదైతె ఏం పరేషాన్ ఉండదు." బావ ఒప్పుకోకపోయేటోడు. నన్ను పిలిచి చూపెట్టిండు. పెట్రోలు పోయే రబ్బరు పైపు, కాలిపోయేటంత వేడెక్కే పొగ గొట్టం మీది నుంచి పోతది. గాలి ఆడే సందు కూడ లేదు. "కొత్తదాంట్ల కూడ పైపు గీడనే ఉంటది. కాకుంటె కొత్తల రబ్బరు మెత్తగుంటది, గంతే తేడా" అన్నడు. ఆ పైపు వేలుతోటి ఒత్తితె ఎండిన చింతబరిగె లెక్క పటపట అన్నది. "ఇది మార్చేదాక బండి గేటు దాటొద్దు" అని ఫోర్మన్‌కు, సలీంకు ఇద్దరికి చెప్పిండు. అసలు పైపు ఈడ దొరకలే, బయటి దేశం నుంచి తెప్పియ్యాలె.

అది రాకముందే ఒక శుక్రవారం సలీం వచ్చిండు. వాళ్లన్న పెండ్లి. దోస్తులందరు కార్లల్ల పోతుండ్రు, నా కారు నాకియ్యాలె అన్నడు.

బావ అడ్డం నిలబడ్డడు. "వద్దు సాబ్. తొవ్వల కాలిపోతది."

"ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి చెప్తవు. గింత పెద్ద కంపెనీ చేసిన బండిని నువ్వు తప్పు పడుతున్నవా?"

"కంపెనీ ఏం చేసిందో కంపెనీకే తెల్వాలె. నాకు ఈ పైపు తెల్సు."

ఫోర్మన్ మధ్యల వచ్చిండు. మంచి గిరాకీ పోతదని భయం ఆయనకు. బావ చేతుల నుంచి తాళం గుంజుకొని సలీంకు ఇచ్చిండు. నేను పక్క కారు కింద పండుకొని నట్లు బిగిస్తున్న, ప్రతి మాట విన్న. బావ చేతులు తుడుచుకున్నడు. తర్వాత పోయి ఆ కార్ల రెండో సీట్ల కూసున్నడు. "నేను కూడ వస్త. వాసనొస్తె ఆపుమంట, ఆపాలె" అన్నడు. సలీం నవ్విండు గానీ దిగుమనలే.

ఎందుకు ఎక్కినవు బావా అని తర్వాత అడిగిన. "వద్దని చెప్పి ఇంటికి పోయి అన్నం తింటె, నా నోరు సాఫుగ ఉంటది గానీ ఆ పిలగాడు ఒక్కడే పోతడు గద" అన్నడు.

పెద్ద వంతెన ఎక్కేటప్పుడు వాసనొచ్చింది. బావ ఆపుమన్నడు. సలీం వంతెన దిగినంక ఆపుత అన్నడు. దిగకముందే ఎనక నుంచి పొగ, పొగెంటనే మంట. కారు ఆగింది గానీ సలీం సీటుబెల్టు ఊడలే. బావ దిగి అటు పక్కకు ఉరికి, తలుపు గుంజి, ఆ బెల్టు బక్కల్‌ను ఉత్త చేతులతోటి పట్టుకొని ఊడబీకిండు. అక్కా, అప్పటికి అది నిప్పు కణిక. ఇద్దరు రోడ్డు మీద పడ్డరు. కారు ఎముకలు మిగిలినట్టు మిగిలింది.

బావకు రెండు చేతులు కాలినయి. మొకానికి ఏం కాలే, కండ్లకు ఏం కాలే. సలీంకు ఈపు, కాళ్లు కాలినయి, తెలివి తప్పింది. ఇద్దరిని ఒకే దవాఖానల ఏసిండ్రు. బావ మంచం పక్కపొంటి పోలీసు కుర్చీ ఏసుకొని కూసున్నడు. ఎందుకంటె మా ఫోర్మన్ ముందే పోయి, "అన్ని చూసిన, బండి తయారున్నదని ఆంజనేయులే చెప్పిండు" అని రాయించిండు.

మల్లేశు విన్నది గది.

అదే దినం ఫోర్మన్ నన్ను షెడ్డు ఎనకకు తీస్కపోయిండు. "నువ్వు కొత్తగొచ్చినవు. నీ పాస్‌పోర్టు నా బీరువల ఉంది. నువ్వు కారు కింద ఉన్నవు, ఏం వినలే" అన్నడు. నేను కూడ లోపల పడితె నువ్వెట్ల, అమ్మ ఎట్ల అనిపిచ్చింది.

దవాఖానకు పోయి బావతోటి అన్న, "బండిదే తప్పు, కంపెనీల కట్టుడే తప్పు కట్టిండ్రు అని చెప్త. కంపెనీ మీదికి పోతది, మనకు బాధ ఉండదు."

బావ రెండు చేతులకు తెల్లగ కట్లు కట్టి మెత్త దిండ్ల మీద పెట్టిండ్రు. తల అడ్డం ఊపిండు. "వాళ్లు కట్టుడు నువ్వు చూసినవా? నేనేమన్ననో విన్నవు. గదే చెప్పు. భయమైతె అది కూడ చెప్పకు, నేనేమనుకోను."

తెల్లారి పోలీస్ ఠాణాకు పోయిన. నాకొచ్చిన హిందీల, ఎవరేమన్నరో గట్లనే చెప్పిన. రాసుకునే ఆయన తల ఎత్తి, "నీ బావ కాబట్టి చెప్తున్నవా?" అన్నడు. "బావనే. గానీ విన్నది గదే" అన్న. నమ్మిండో నమ్మలేదో మొకంల తెల్వలే. బయటికొచ్చి మెట్ల మీద కూసున్న, లేవబుద్ది కాలే.

కాలిన కారును చూడనీకె ఒక ఇంజనీరును తెచ్చిండ్రు. ఆయన ఇసొంటిదే ఇంకొకటి యాడనో ఉన్నదని ఎతికి, దాన్ని కూడ విప్పి చూసిండు. అది ఒక ముసలాయన కారు. ఆయన ఏటా పైపు మారుస్తడట, ఇప్పటికి ఏం కాలేదట. ఇంజనీరు ఏం రాసిండంటె, పైపు పెట్టిన తావే మంచిగ లేదు, అసొంటి బండిని మామూలు బండి లెక్క కూడ ఎవ్వరు చూసుకోలే, రెండు తప్పులు కలిసి కారు కాలింది అని. కట్టుడుల తప్పుంది, సాకుడుల తప్పుంది. మరి బండిని గేటు దాటిచ్చింది ఎవరన్నది ఆయన చెప్పలేడు గద. అది సలీంకు తెలివొచ్చినంకనే తేలింది.

సలీం మంచంకాడ వాళ్ల నాయిన, పోలీసాయన ఉన్నరు. నన్ను, ఫోర్మన్‌ను తలుపుకాడ నిలబెట్టిండ్రు. బావను చక్రాల కుర్చీల తెచ్చిండ్రు. సలీం పెదవులు ఎండి ఉన్నయి, మెల్లగ అన్నడు, "ఈయన వద్దన్నడు. నేనే తీస్కపోయిన. ఆపుమన్నడు, నేను ఆపలే." వాళ్ల నాయిన కొడుకును కోపం చెయ్యలే, బావను పొగడలే. ఆయన బావ కుర్చీ పక్కన నేల మీద కూసొని తల వంచుకున్నడు. ఫోర్మన్ ఎప్పుడు పోయిండో నేను చూడలే.

అక్కా, గిప్పుడు కేసు లేదు, ఏం లేదు. మంచం పక్క పోలీసు కుర్చీ తీసేసిండ్రు. మా గ్యారేజి సేటు నా పాస్‌పోర్టు నా చేతికిచ్చి ఇంకో షెడ్డుకు మార్చిండు. ఫోర్మన్ అదే గ్యారేజిల ఉన్నడు. ఎదురైతె మొకం తిప్పుకుంటడు.

దాయొద్దన్నవు కాబట్టి ఇది కూడ రాస్తున్న. బావకు ఎడమచెయ్యి మంచిగైతది. కుడిచేతి వేండ్లు పూర తిరిగ వంగవట, డాక్టరు చెప్పిండు. ఇంక నట్లు తిప్పే పానాలు పట్టే పని కాదు. నెల తిరిగేలోపట ఇంటికి పంపిస్తరు. క్యాసెట్టుల మాట నింపి పంపుదాం బావా అంటె, గొంతు వింటె ఏడుస్తది వద్దన్నడు. బొంబాయిల దిగినంక బస్సుకు వస్తడు. బస్టాండుల అందరి ముందట చేతులు చూసి ఏడ్వకు. మంది అడిగితె ఉన్నది చెప్పు. బావ తప్పు లేదని గొడవకు పోవద్దు, నడిచింది నడిచినట్టు చెప్పు, సాలు.

నిన్న పొద్దుగూకే యాళ్లకు పోతె బావ మంచానికి తువ్వాల కట్టి, దాని కొసను మణికట్టుకు సుట్టుకొని గుంజుతున్నడు. గుంజుడు, వదులుడు, మల్ల గుంజుడు. మొకమంత చెమట. ఏంది బావా ఇది అన్న. "మీ ఇంట్ల మగ్గం తాడు గిట్లనే గుంజాలె గద? వేండ్లు లేకున్నా మణికట్టుతోటి అయితదా అని చూస్తున్న. మీ అక్కను అడుగు, పక్కన కూసొని నేర్పుతదేమో" అన్నడు. నేను అడుగుత అని చెప్పిన. గందుకే అడుగుతున్న. జవాబు నాకు రాయకు, ఆయన పేరు మీదనే రాయి.

అమ్మ, నాయిన కాళ్లకు నా దండాలు. సుజాతకు ముద్దులు. ఇరుగు పొరుగు పెద్దోళ్లకందరికి నేను అడిగినట్టు చెప్పు. వచ్చేటోళ్లెవరన్న ఉంటె జర చింతకాయ తొక్కు పంపు. మీ దీవెన మా ఇద్దరి మీద ఉంటె సాలు.

ఇట్లు
నీ తమ్ముడు
శీను