గాజుపలక మీది నెత్తురు

బావా,

సంకటి ఉట్టిలో ఉంది. బర్రెకు కుడితి పెట్టు. నేను మిషన్ ఆసుపత్రికి పోతున్నాను.

మొదటి పరీక్షలో నా నెత్తురు నీళ్లలా పలచబడిందన్నారు. రెండోసారి బాగానే ఉందన్నారు. లేవలేక పడుకుంటే అత్త, "ఇంత నెత్తురు పెట్టుకోని ఎందుకే పండుకుంటాండావు?" అని నిత్యం సాధింపు. ఆ రెండో పరీక్షకని ఆసుపత్రి డ్రెస్సరు నా కోసమిచ్చిన గాజుపలకకు నీ వేలు గుచ్చుకొని పూశావని ఈ పొద్దున చెప్పావు. నన్ను నిద్ర లేపడమెందుకనట! "మొగుడూ పెండ్లామూ ఒకటే శరీరమని పెండ్లిలో అయ్యగారు చెప్పల్యా?" అని నవ్వావు కూడా. ఈసారి నా వేలు నేనే చూపిస్తాను.

కరుణమ్మ

రెండో పరీక్షలో చలిజ్వరం పురుగు కూడా ఉందన్నారు గదా, అది నీది. ఆ జ్వరానికని ఇన్నాళ్లూ నేను కక్కుకుంటూ తాగిన కొయినా మందు గూట్లో ఉంది. మిగిలింది నువ్వు తాగు.