చుక్కలు కనబడే పందిరి

తుబ్లీ, బహ్రెయిన్,
20 అక్టోబరు 1997.

రమా,

నువ్వూ బిడ్డా బాగున్నారని తలుస్తాను. నాకిక్కడ తిండికీ పనికీ లోటు లేదు. ఊరికి వస్తున్న లింగన్న చేత స్వరూపకు ఒక బొమ్మల పుస్తకం పంపుతున్నాను. దాని సంగతి చెబుతాను, నవ్వకు.

మనామాలో ఒక యూదుల అవ్వ ఇంటి మిద్దె మీద పండుగకు పందిరి వేయమని మా వడ్రంగి షాపు నుంచి నన్ను పంపారు. లండన్ నుంచి మనవలు వచ్చారట. పందిరి వేయడం నాకొకరు నేర్పాలా? ఖర్జూరం మట్టలు ఒకదాని మీద ఒకటి కప్పి, బొట్టు నీరు కారకుండా కట్టాను. ఇక్కడ వానే పడదన్న సంగతి మరిచాను. అవ్వ తలెత్తి చూసి నవ్వింది. వాళ్ల డ్రైవర్ అజ్మత్ భాయ్ మన జగిత్యాల మనిషే. ఆమె మాట నాకు చెప్పాడు: "గింత దట్టంగ కప్పితె పండుగ చెల్లదంట లింబాద్రీ. లోపట కూసొని చూస్తె చుక్కలు కనబడాలెనంట."

పని బాగా చేసినందుకు మాట పడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. నా ముఖం చూసి అవ్వ లోపలికి పోయి మనవల పుస్తకాలు తెచ్చి నా ముందు పరిచింది. అన్నీ వాళ్ల పండుగలే. ఒకదాంట్లో పిల్లలు వరసగా దీపాలు వెలిగిస్తున్నారు. ఒకదాంట్లో వేషాలు కట్టుకొని గిలక్కాయలు తిప్పుతున్నారు. పందిరి పుస్తకంలో మట్టల సందుల్లోంచి చుక్కలు కనబడుతున్నాయి. తండ్రి చెయ్యెత్తి చూపిస్తుంటే ఒళ్లో బిడ్డ లెక్కపెడుతోంది. ఆ బొమ్మ చూశాక సగం మట్టలు విప్పేశాను. అవ్వ ఆ పుస్తకం నా బిడ్డకిమ్మని నా చేతిలో పెట్టింది.

ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఒకటుంది. పోయినసారి నేను వచ్చినప్పుడు స్వరూప నన్ను "దుబాయి మామ" అన్నది. అందరితోపాటు నేనూ నవ్వాను, కానీ చాలా బాధపడ్డాను. ఇప్పుడు మా కఫీల్, అదే షాపు యజమాని, ఇంకో రెండేళ్ల పనికి సంతకం పెట్టమంటున్నాడు. నన్నెరగని బిడ్డ ముందుకు రావడం కన్నా ఇక్కడే ఉండటం నయమనిపిస్తోంది. నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను.

నీ
లింబాద్రి

కోరుట్ల,
6 నవంబరు 1997.

స్వరూప బాపుకు,

పుస్తకం అందింది. నీ బిడ్డ దాన్ని పక్కలో పెట్టుకొని పడుకుంటోంది. పెరట్లో మక్కజొన్న సొప్పతో పందిరి కూడా వేయించింది. మా అమ్మ దుర్గవ్వ దట్టంగా కప్పబోతే పోట్లాటకు దిగింది. "మా బాపు సందులిడిసి కప్పిండు. చుక్కలు కనబడాలె" అని వాడంతా చెప్పుకొచ్చింది. దుబాయి మామ అని ఇప్పుడెవరన్నా అంటే కొట్టడానికి పోతోంది.

ఇంత బాధను లోపల పెట్టుకొని నాతో ఒక్క మాట అనలేదు చూడు, నాకు కోపం అందుకే. ఆర్నెల్ల పిల్లను వదిలిపోయి దానికి నాలుగేళ్లు నిండాక వస్తే, అది మామ అనక ఏమంటుంది?

పుస్తకం నువ్వు సగమే చూసినట్టున్నావు. చివరి బొమ్మ నాకు స్వరూపే చూపించింది. ఆ పండుగ ఏడు రోజులేనట, బడి పంతులు చదివి చెప్పాడు. ఆ బొమ్మలో పండుగ అయిపోయాక తండ్రి పైనుంచి మట్టలు విప్పి ఇస్తున్నాడు, బిడ్డ కింద నిలబడి అందుకుంటోంది. అందరూ ఇంట్లోకి పోతున్నారు.

"బాపు అక్కడి పందిరి ఎన్నడు ఇప్పుతడే అమ్మా?" అని రోజూ అడుగుతోంది. నేనేం చెప్పను, నువ్వే వచ్చి చెప్పు. సంతకం పెట్టకు.

నీ
రమ