పట్ట అడిగితే పట్టా వచ్చింది

బెంగళూరు

యాదన్నకు, నీ చెల్లె సుగుణ దండం పెట్టి రాసేది. నేనూ మీ బావా ఇక్కడ బాగున్నాం. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన దగ్గు ఎలా ఉంది? పిల్లలు బడికి పోతున్నారా, పోయినట్టు నటిస్తున్నారా? ముందు ఇవి అడగాలి కాబట్టి అడిగాను గానీ, అన్నా, నా ప్రాణమంతా వేరే మాట మీద ఉంది. నిన్న నీ రిజిస్టర్ కవరు అందింది. నేను నిన్ను పట్టా అడగలేదు. పట్ట అడిగాను. చెట్టు పట్ట! తుమ్మ చెట్టు బెరడు!

మొదటి నుంచీ చెప్తాను, కోపం పక్కన పెట్టి చదువు. మీ బావ పొద్దున్నే కంపెనీ కారు తీసుకుని సాఫ్ట్‌వేర్ వాళ్లను ఆఫీసులకు చేర్చడానికి పోతాడు. ఇక్కడ ఎప్పుడూ సన్నని జల్లు. పక్కింటావిడ మంచిదే, కానీ ఆమె కన్నడం నాకు రాదు, నా తెలుగు ఆమెకు రాదు. ఇద్దరం నవ్వుకుని తలుపులు వేసుకుంటాం. సాంబారులో బెల్లం వేస్తారన్నా, తింటుంటే జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు గుర్తొచ్చి ముద్ద దిగదు. ఒంటరిగా గోడలు చూస్తూ కూర్చోలేక రెండు వీధుల అవతల ఒక షెడ్డులో పనికి కుదిరాను.

అక్కడ చెట్ల బెరడుతో గోడలకు పలకలు చేస్తారు. నవ్వకు. కోత మిల్లుల్లో దుంగలు కోసే ముందు బెరడు వొలిచి పారేస్తారు కదా, ఇదివరకు అదంతా ఇటుక బట్టీల్లో మంటకు పోయేదట. మా సార్ దాన్ని తెప్పిస్తాడు. మేము వేడి నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక ముడుచుకున్నదాన్ని మెల్లగా విప్పి, ఇనుప రేకుల మధ్య బరువు పెట్టి ఆరబెడతాం. తొందరపడితే నిలువునా చీలుతుంది. నీ లాంటి తొందర మనిషికి ఆ పని చస్తే రాదు. ఆరాక వెనక చెక్క అంటించి గోడకు బిగిస్తారు. ఒక ఆఫీసు హాలుకు వేసినప్పుడు నన్నూ తీసుకుపోయారు. అంతమంది ఒకేసారి ఫోన్లలో మాట్లాడుతున్నా గోల లేదు. ఆ బెరడు చప్పుడును మింగేస్తుందట. నా చేత్తో విప్పిన ముక్క ఎక్కడుందో వెతికి తడిమి వచ్చాను.

సార్‌కు ఒకటే పట్టుదల. బతికున్న చెట్టును ముట్టుకోనివ్వడు. చుట్టూ వొలిస్తే చెట్టు నిలబడ్డచోటే ఎండిపోతుందంటాడు. ఇప్పుడు మన మొయినాబాద్ దిక్కే ఎవరిదో ఫామ్‌హౌసు పని ఒప్పుకున్నాడు. గోడకు ఆ నేల మీది చెట్టు బెరడే వెయ్యాలని అనుకున్నాడు. బోరు కాడి తుమ్మ గాలికి కూలిందని వదిన రాసింది నాకు గుర్తొచ్చింది. పంటి నొప్పి వస్తే అవ్వ ఆ పట్టే కాచి మనతో పుక్కిలి పట్టించేది కదా! సంబరంగా ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి, మన ఊళ్లో కిరాణా శేఠ్‌కు ఫోన్ చేశాను.

“శేఠూ, మా యాదన్నకు జర చెప్పు. మా సార్ మొయినాబాద్ దిక్కు ఇల్లు కడుతుండు. బోరు కాడి తుమ్మ పట్ట కావాలంట. రెండు ముక్కలు పంపితే చాలు.”

“గట్లనా! చెప్త తియ్యమ్మా,” అన్నాడు.

ఏం చెప్పాడో ఇప్పుడు అర్థమైంది. మన కనకమామిడిలో ఈ రోజుల్లో సార్ అంటే భూమి కొనేవాడు. ముక్క అంటే భూమి ముక్క. ఇంక ఏ చెవికైనా పట్ట పట్టాగా వినబడక ఏం చేస్తుంది?

మిల్లు బెరడు వాసన మధ్యే కూర్చుని, తుమ్మ పట్టే వచ్చిందని కవరు చింపాను. మన భూమి పట్టా పాసుబుక్కు. నాలుగు మూలలా పసుపు. నీ వంకర అక్షరాలు. “చెల్లె, నువ్వు నోరు దెరిచి అడిగినవంటే ఎంత అక్కర పడ్డదో. రెండు ముక్కలెందుకు, మొత్తం పంపుతున్న. నా ఫికర్ వెట్టుకోకు. అవ్వకు చెప్పలె.”

మీ బావ ముందు విరగబడి నవ్వాడు. తర్వాత ఆ చీటీ ఇంకోసారి చదివి, “ఒక్క మాటన్న ఎందుకని అడగలే చూసినవా మీ అన్న,” అన్నాడు. నేను ఏడ్చాను అన్నా. సంతోషమో, సిగ్గో నాకే తెలియదు. ఎంత మనసు కష్టపెట్టుకుని చేవెళ్ల పోస్టాఫీసు మెట్లెక్కావో! టమాటా గంపలు మార్కెట్లో దించి పోయావా, ఆ పని కోసమే పోయావా? చెల్లె భూమి పంచుకోవడానికి వచ్చిందనుకుని కూడా పసుపు ఎలా పెట్టావు?

దళారులు వస్తే అమ్మకం లేదని గట్టిగా చెప్పు. మాట ఇచ్చి ఉంటే ఈ ఉత్తరం చూపించి వెనక్కి తీసుకో. శేఠ్ దగ్గరకు పోయి ఆ దీర్ఘం తీసెయ్యమను. ఊరంతా పాకకముందే పో.

పాసుబుక్కు నా పెట్టెలో చీరల కింద పైలంగా ఉంది. దీన్ని పోస్టుకు అప్పజెప్పను. రాఖీ పున్నానికి మేమిద్దరం వస్తాం. రాఖీ కట్టి నీ చేతిలో నేనే పెడతాను. అప్పుడు ఇద్దరం బోరు కాడికి పోయి తుమ్మ పట్ట వొలుద్దాం. అంతదాకా కూలిన చెట్టును పొయ్యికి కొట్టనివ్వద్దని వదినకు చెప్పు. వచ్చేటప్పటికి కాస్త జొన్నపిండి పట్టించి ఉంచమను.

అవ్వకు, వదినకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు అన్నా, నీ దీవెన ముందే వచ్చిందని తెలిసినా అడుగుతున్నాను.

పట్టా నీకు తిరిగి ఇస్తాను. దాని మూలల పసుపు మాత్రం నా వేళ్లకు అంటితే కొంగుకు తుడుచుకున్నాను. అది ఇవ్వను.

నీ చెల్లె,
సుగుణ